ముందు ఫైలెక్కడుందో చెప్పండి, ప్రింటర్ సంగతి తర్వాత

మొన్న మా టీములో కుర్రాడొకడు రెండు కాగితాలు పట్టుకుని నా దగ్గరకొచ్చాడు. ఒక ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ తాలూకు సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ అవి. ఐబీఎం ఐ మీద (నాలాంటి పాతవాళ్ళ భాషలో ఏఎస్/400 మీద) నడిచే సరుకు. ఇన్వాయిసులూ, స్టేట్‌మెంట్లూ శుభ్రంగా పీడీఎఫ్‌లుగా మార్చి మెయిల్ చేసి పెడుతుందట. కాగితంలో ఏముందయ్యా అంటే... ఆపరేటింగ్ సిస్టమ్ ఫలానా వెర్షన్ ఆ పైన, డిస్కులో ఇంత ఖాళీ, మెమరీ ఇంత, ఇన్‌స్టాల్ చేసే మనిషికి సెక్యూరిటీ ఆఫీసర్ స్థాయి అధికారం. మావాడు అన్నిటి పక్కనా పచ్చ పెన్నుతో టిక్కులు పెట్టుకొచ్చాడు.

"అన్నా, అన్నీ ఉన్నాయి. శనివారం వేసేద్దామా?"

"వేద్దాం గానీ, ఆ ఇన్వాయిసులు ఇప్పుడెక్కడున్నాయి?"

"సిస్టమ్‌లోనే."

"సిస్టమ్‌లో ఎక్కడ?"

"ఔట్‌పుట్ క్యూలో."

"అందులో ఎన్నాళ్ళవి ఉన్నాయి? బ్యాకప్ టేపు మీదకి వెళ్తున్నాయా?"

నా వైపు అదోలా చూశాడు. వయసు మీద పడితే అందరూ ఇలాగే చాదస్తంగా తయారవుతారనుకుని ఉంటాడు :) వాడి తప్పేం లేదు లెండి. ఆ కాగితంలో ఈ ప్రశ్నలు లేవు. నా గొడవంతా ఆ కాగితంతోనే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత తిట్టేవాళ్ళు తిట్టొచ్చు. ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్‌కి అసలైన సిస్టమ్ రిక్వైర్‌మెంట్ మెమరీ కాదు, డిస్కు కాదు. ఏ ఫైలు ఎక్కడుందో, ఎవరిదో, ఎన్నాళ్ళు ఉండాలో తెలిసిన మనిషి ఒకరు ఉండటం. అది లేనిచోట మిగతా టిక్కులన్నీ పెట్టినా దండగే. ఈ మాట పుస్తకాలు చదివి చెప్పట్లేదు. నేను చేసిన ఒక వెధవ పని వల్ల చెబుతున్నాను. ఆ కథలోకి వెళ్ళేముందు ఈ మెషీన్ మొహం చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

ఏఎస్/400ని ఐబీఎం 1988 జూన్ 21న ప్రకటించింది. పుట్టిల్లు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని రాచెస్టర్. అంతకుముందున్న సిస్టమ్/36, సిస్టమ్/38 అనే రెండు వంశాలని కలిపి చేసిన మెషీన్. మెయిన్‌ఫ్రేమ్ అంత పెద్దదీ కాదు, పీసీ అంత చిన్నదీ కాదు కాబట్టి మిడ్‌రేంజ్ అన్నారు. తర్వాత పేర్లు మారుతూ వచ్చాయి. 2000లో ఐసిరీస్, 2006లో సిస్టమ్ ఐ, 2008 నుంచి పవర్ సిస్టమ్స్ మీద నడిచే ఐబీఎం ఐ. పచ్చ అక్షరాల తెర చూసి "ఇది ఇంకా బతికే ఉందా?" అని అడిగేవాళ్ళు నాకు ఏడాదికి నలుగురైనా తగుల్తారు. బతికే ఉందండీ. 2025 ఏప్రిల్‌లో 7.6 వెర్షన్ కూడా వచ్చింది. దానికి కనీసం పవర్10 మెషీన్ కావాలి. అంటే ఒక ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్‌వాడు మా కొత్త రిలీజుకి 7.6 కావాలి అన్నాడనుకోండి, పాత పవర్9 మీద ఉన్న కంపెనీకి అది సాఫ్ట్‌వేర్ ఖర్చు కాదు, కొత్త మెషీన్ ఖర్చు. కాగితంలో ఒక్క లైనే ఉంటుంది!

ఇక ఫైళ్ళ సంగతి. పీసీకి అలవాటు పడ్డవాళ్ళు ఇక్కడే తికమక పడతారు. ఈ మెషీన్‌లో ప్రతిదీ ఒక ఆబ్జెక్టు. ఆబ్జెక్టులు లైబ్రరీల్లో ఉంటాయి. లైబ్రరీలో ఇంకో లైబ్రరీ పెట్టడం కుదరదు, క్యూసిస్ అనే సిస్టమ్ లైబ్రరీకి తప్ప. పేర్లు పది అక్షరాలకి మించకూడదు. అక్కడిదాకా బాగానే ఉంటుంది. కానీ "ఫైల్" అన్న ఒక్క మాటకి కనీసం నాలుగు అర్థాలున్నాయి.

మొదటిది ఫిజికల్ ఫైలు. అసలు డేటా ఉండేది ఇందులో. దీని లోపల మెంబర్లుంటాయి, డేటా రికార్డులు ఉండేది ఆ మెంబర్లలో.

రెండోది ప్రింటర్ ఫైలు. పేరులో ఫైలు ఉంది గానీ ఇందులో డేటా చుక్క కూడా ఉండదు. కాగితం మీద ఏది ఏ లైనులో, ఏ కాలమ్‌లో పడాలో చెప్పే వర్ణన మాత్రమే. మనిళ్ళల్లో జంతికల గొట్టం ఉంటుంది చూడండి, దాని అడుగున వేసే బిళ్ళ లాంటిది. పిండి వేరే. బిళ్ళ మారిస్తే అదే పిండి వేరే ఆకారంలో వస్తుంది.

మూడోది స్పూల్ ఫైలు. ప్రోగ్రాము ఆ బిళ్ళలోంచి పిండి నొక్కితే తయారయ్యేది. ఇది ఔట్‌పుట్ క్యూలో కనపడుతుంది. రైటర్ అనే ఒక జాబు ఆ క్యూలోంచి ఒక్కోటీ తీసుకెళ్ళి ప్రింటర్‌కి ఇస్తుంది.

నాలుగోది స్ట్రీమ్ ఫైలు. 1994లో వి3ఆర్1తో వచ్చిన ఐఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంటుంది. పీసీలో లాగా ఫోల్డర్లో ఫోల్డర్. మన కొత్త సాఫ్ట్‌వేర్‌లు తయారుచేసే పీడీఎఫ్‌లన్నీ చేరేది ఇక్కడికే.

ఇప్పుడు అసలు మెలిక. స్పూల్ ఫైలు ఔట్‌పుట్ క్యూలో "కనపడుతుంది" అన్నాను, "ఉంటుంది" అనలేదు. క్యూ అనేది పేర్ల జాబితా మాత్రమే. స్పూల్ ఫైలులోని సరుకు మామూలుగా క్యూఎస్‌పీఎల్ అనే వేరే లైబ్రరీలో, సిస్టమ్ తనకి తాను నడుపుకునే ఫైళ్ళ మెంబర్లలో ఉంటుంది. క్యూ మీ లైబ్రరీలో, సరుకు దాని లైబ్రరీలో. ఈ తేడా నాకు 2003లో తెలీదు.

అప్పుడు నేను హైదరాబాదులో ఒక సర్వీసెస్ కంపెనీలో చేరి ఏడాదిన్నర. అమెరికా మిడ్‌వెస్ట్ వైపు ఒక టోకు వ్యాపారం వాళ్ళ ఏఎస్/400ని రాత్రిళ్ళు ఇక్కణ్ణించి చూసుకునేవాళ్ళం. వాళ్ళ వైపు ఆపరేటర్ ఒక పెద్దాయన. సిస్టమ్/36 రోజుల నుంచి అదే కంప్యూటర్ గదిలో ఉన్న మనిషి. ఏ ప్రింటర్‌లో ఏ ఫారం వేయాలో, ఏ రిపోర్టు ఎవరి టేబుల్ మీదకి వెళ్ళాలో అంతా ఆయన బుర్రలోనే. ఎక్కడా రాసి ఉండేది కాదు.

వాళ్ళు కొత్తగా ఒక ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. వేసే పని నాకు వచ్చింది. ఓఎస్ వి5ఆర్2, కావలసినదే. అధికారం ఉంది. ఒక్క డిస్కు దగ్గర మాత్రం ఇబ్బంది. డిస్కు వాడకం 87 శాతం చూపిస్తోంది. 90 దాటితే సిస్టమ్ హెచ్చరికలు మొదలవుతాయి. కాగితం అడిగినంత ఖాళీ ఉంది గానీ వేశాక 90 దాటుతుందేమోనని నా భయం. ఎక్కడ తగ్గించొచ్చా అని వెతుకుతుంటే వేలకొద్దీ స్పూల్ ఫైళ్ళున్న ఔట్‌పుట్ క్యూ ఒకటి కనపడింది. మొదటి తెర చూశాను, అన్నీ సేవ్ స్టేటస్‌లో ఉన్నాయి. అంటే ప్రింటయిపోయినవే, ఊరికే అట్టిపెట్టారు. రెండో తెర చూశాను, అవే. పాత చెత్త అనుకున్నాను. క్లియర్ ఔట్‌పుట్ క్యూ కమాండ్ టైపు చేసి ఎంటర్ కొట్టాను. "ఖాయమేనా?" అని కూడా అడగలేదది. ఒక్క క్షణంలో క్యూ అద్దంలా అయిపోయింది.

నేను చూడని చివరి తెరల్లో హోల్డ్ స్టేటస్‌లో ఉన్నవి కొన్ని వందలున్నాయట. సోమవారం పొద్దున్న ట్రక్కులతో వెళ్ళాల్సిన డెలివరీ స్లిప్పులు. ప్రత్యేకమైన ఫారం మీద వేయాలి కాబట్టి శుక్రవారం రాత్రి తయారుచేసి, హోల్డ్‌లో ఉంచి, సోమవారం ఆ పెద్దాయన వచ్చి ఫారం ఎక్కించి వదిలేవారు. పదేళ్ళుగా అదే పద్ధతి. క్లియర్ కమాండ్‌కి హోల్డ్ అయినా ఒకటే, సేవ్ అయినా ఒకటే. ఆ క్షణంలో ప్రింటవుతున్నదాన్ని తప్ప అన్నిటినీ ఊడ్చేస్తుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు.

గంట తర్వాత షెడ్యూల్ చూస్తుంటే విషయం బోధపడింది. గుండె జారిపోయింది. సరే, రాత్రి టేపు ఉందిగా, అనుకున్నాను. ఆ లైబ్రరీ రోజూ సేవ్ అవుతుంది, క్యూ ఆ లైబ్రరీలోనే ఉంది. టేపు నుంచి క్యూని రిస్టోర్ చేశాను. క్యూ వచ్చింది. ఖాళీగా వచ్చింది. ఆ వెర్షన్‌లో సేవ్ లైబ్రరీ చేస్తే క్యూ వర్ణన మాత్రమే టేపు మీదకి వెళ్ళేది, సరుకు వెళ్ళేది కాదు. రేషన్ షాపు క్యూకి ఫొటో తీసి దాచుకుంటే బియ్యం ఇంటికి రావు కదా!

మళ్ళీ ఆ ప్రోగ్రాము నడిపిద్దామంటే అది స్లిప్పు వేసిన ప్రతి ఆర్డరు మీదా "ప్రింటయింది" అని గుర్తు పెట్టేస్తుంది. మళ్ళీ నడిపితే ఏమీ రాదు. ఆ గుర్తులు ఎలా వెనక్కి తీయాలో తెలిసింది ఆ పెద్దాయనకే. ఆయన ఇంటి నంబరు నా దగ్గరుంది. అక్కడ ఇంకా శుక్రవారం రాత్రి పదకొండే.

నేను ఫోను చేయలేదు.

ఇది రాయడానికి ఇప్పటికీ చేతులాడవు. ఇన్‌స్టాల్ పూర్తిచేసి, "ఇన్‌స్టలేషన్ సమయంలో ఒక క్యూలోని కొన్ని స్పూల్ ఫైళ్ళు కనపడకుండా పోయినట్టున్నాయి, పరిశీలిస్తున్నాం" అని ఒక మెయిలు కొట్టి ఇంటికెళ్ళి పడుకున్నాను. కర్త లేని వాక్యం. తప్పంతా ఆ సాఫ్ట్‌వేర్‌దేమో అనిపించేలా రాశాను. ఆ మెయిలు ఆయన సోమవారం పొద్దున్న ఆరింటికి చూశారు. అప్పటికే ట్రక్కులు వరసలో నిలబడి ఉన్నాయి. గోడౌనులో ఆడామగా అందరూ తెరల మీద ఆర్డర్లు చూసి చేత్తో స్లిప్పులు రాశారట. మొదటి ట్రక్కు నాలుగు గంటలు ఆలస్యంగా కదిలింది.

మంగళవారం ఆయన ఫోను చేశారు. జాబ్ లాగ్ చూశారు. నేను కొట్టిన కమాండ్, నా యూజర్ పేరు, గంట, నిమిషం, సెకను అన్నీ అందులో ఉన్నాయి. ఈ మెషీన్ ఏదీ మర్చిపోదు. ఆయన అరవలేదు. ఆయనన్నది దాదాపు ఇది: "కమాండ్ ఎవరైనా కొడతారు, నేనూ కొట్టాను ఒకప్పుడు. కానీ నువ్వు శుక్రవారమే చెప్పుంటే నాకు రెండు రోజులుండేవి. ఆ రెండు రోజులు నువ్వు నా దగ్గర తీసేసుకున్నావు."

ఆ లాగ్ మా మేనేజర్‌కి పంపలేదాయన. నేనే మర్నాడు వెళ్ళి చెప్పుకున్నాను. పడాల్సిన చీవాట్లు పడ్డాయి. ఆయన నన్నడిగింది మాత్రం ఒకటే. "నా బుర్రలో ఉన్నది నేను చెబుతాను, నువ్వు రాసి పెట్టు. ఒక్క పేజీ చాలు."

అలా రెండు వారాలు రోజూ అరగంట ఫోన్లో కూర్చుని ఒక పేజీ తయారుచేశాం. ప్రతి ఔట్‌పుట్ క్యూ పేరు, ఏ లైబ్రరీ, అందులోకి ఏ రిపోర్టులొస్తాయి, ఏ ఫారం, ఎన్నాళ్ళుంచాలి, పోతే మళ్ళీ పుట్టించొచ్చా లేదా, ఎవరికి ఫోను చేయాలి. అంతే. నా కెరీర్లో నేను రాసిన అత్యంత పనికొచ్చే డాక్యుమెంటు అదే. ఆ తర్వాత ఎన్నో వందల పేజీల డిజైన్ డాక్యుమెంట్లు రాశాను, ఒక్కటీ ఎవరూ తెరిచిన పాపాన పోలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? కొంత మారింది. 2006లో వచ్చిన వి5ఆర్4 నుంచి లైబ్రరీ సేవ్ చేసేటప్పుడే స్పూల్ ఫైళ్ళలోని సరుకుని కూడా టేపు మీదకి పంపొచ్చు. స్పూల్ ఫైలుకి గడువు తేదీ పెట్టొచ్చు, గడువు దాటినవాటిని ఒక్క కమాండ్‌తో తీసేయొచ్చు. కానీ ఇక్కడే కిటుకుంది. సేవ్ కమాండ్‌లో ఆ స్పూల్ డేటా అనే చోట మనంతట మనం అడగాలి. అడక్కపోతే ఇప్పటికీ డిఫాల్టు "వద్దు" అనే. 2003కి ముందు రాసిన బ్యాకప్ ప్రోగ్రామే ఇంకా నడుస్తున్న కంపెనీలో, మెషీన్ ఎంత కొత్తదైనా, క్యూ ఖాళీగానే తిరిగొస్తుంది.

పీడీఎఫ్‌ల సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి ఐఎఫ్ఎస్‌లో ఉంటాయి. సేవ్ లైబ్రరీ కమాండ్ వాటిని ముట్టుకోదు, వాటికి వేరే సేవ్ కమాండ్. అంటే ఒక్క ఇన్వాయిసుకి సంబంధించిన సరంజామా మూడు చోట్ల: బిళ్ళా ప్రోగ్రామూ ఒక లైబ్రరీలో, స్పూల్ సరుకు క్యూఎస్‌పీఎల్‌లో, పీడీఎఫ్ ఐఎఫ్ఎస్‌లో. కొత్త సాఫ్ట్‌వేర్ వేయడమంటే ఇందులో మూడో చోటు కొత్తగా తెరవడమన్నమాట. ఈ ముక్క ఏ రిక్వైర్‌మెంట్స్ కాగితంలోనైనా ఉందా? నేను చూసినవాటిలో లేదు.

డిస్కు లెక్క కూడా అంతే. స్పూల్ ఫైలు తీసేస్తే దాని మెంబరు వెంటనే మాయమైపోదు. తర్వాత వచ్చే స్పూల్ ఫైలు వాడుకోవడానికి సిస్టమ్ దాన్ని ఖాళీగా అట్టిపెట్టుకుంటుంది. ఎన్ని రోజులన్నది ఒక సిస్టమ్ వాల్యూ నిర్ణయిస్తుంది, మామూలుగా ఎనిమిది రోజులు. ఈ సంగతి తెలియకుండా డిస్కు శాతం చూసి నిర్ణయాలు తీసుకోవడం నేను చేసినలాంటి పనే.

ఇక కాగితం కొలతలు. మామూలు ప్రింటర్ ఫైలు పేజీకి 66 లైన్లు, లైనుకి 132 అక్షరాలు. అంగుళానికి 6 లైన్లు, 10 అక్షరాలు. అంటే 11 అంగుళాల ఎత్తు, 13.2 అంగుళాల వెడల్పు. పాత రోజుల్లో అంచుల్లో చిల్లులుండే వెడల్పాటి గొలుసు కాగితానికి కుదిరిన లెక్క. దాన్ని ఇవాళ్టి కాగితం మీద వేయాలంటే అడ్డంగా తిప్పాలి, అక్షరాలు కుదించాలి. పైగా ఇక్కడ మనం పరీక్షించేది ఏ4 మీద. దాని ఎత్తు 11.69 అంగుళాలు, నిలువుగా 70 లైన్లు పడతాయి. అమెరికావాళ్ళ లెటర్ సైజు సరిగ్గా 11 అంగుళాలు, 66 లైన్లే. ఇక్కడ చక్కగా ఒక పేజీలో వచ్చింది అక్కడ రెండో పేజీకి జారుతుంది, ఆ జారేది ఎప్పుడూ మొత్తం వేసిన చివరి లైనే :) దీనికి ఎంత మెమరీ ఉంటే మాత్రం ఏం లాభం?

"ఇవన్నీ అమ్మేవాడు ఎలా రాస్తాడు, మా సిస్టమ్ వాడికేం తెలుసు?" అని మీరనొచ్చు. నిజమే, జవాబులు వాడికి తెలియవు. కానీ ప్రశ్నలు రాయొచ్చుగా! "మీ ఔట్‌పుట్ క్యూల జాబితా ఉందా? స్పూల్ డేటా బ్యాకప్‌లో ఉందా? పీడీఎఫ్‌లు చేరే డైరెక్టరీ ఎవరు సేవ్ చేస్తున్నారు? ఏ స్పూల్ ఫైలు పోతే మళ్ళీ పుట్టించలేరు? ఇవి తెలిసిన మనిషి ఫోను నంబరు?" ఐదు లైన్లు. రాయకపోవడానికి కారణం నాకు తెలుసు. మెమరీ, డిస్కు అయితే కస్టమర్ వెంటనే టిక్కు పెట్టేస్తాడు, అమ్మకం ముందుకెళ్తుంది. ఈ ప్రశ్నలకి జవాబు వెతకడానికి వారం పడుతుంది. అమ్మేవాడికి వారం నష్టం, వేసేవాడికి అదే వారం ప్రాణం. అందుకే ఆ కాగితం వాళ్ళు రాయకపోతే మనమే రాసుకోవాలంటాను.

ఇంకో మాట. ఆ పెద్దాయన లాంటి వాళ్ళు ఒక్కొక్కరే రిటైరైపోతున్నారు. మెషీన్ మారుస్తున్నాం, వెర్షన్ మారుస్తున్నాం, వాళ్ళ బుర్రలో ఉన్నది మాత్రం ఎవరూ సేవ్ చేయట్లేదు. దానికీ డిఫాల్టు "వద్దు" అనే ఉన్నట్టుంది.

మా కుర్రాడి కథ ఏమైందంటే... నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో వాడే రాసుకున్న పేజీ. క్యూలు పదకొండు. వాటిలో ఒకదానిలో 2021 నుంచి ఉన్న స్టేట్‌మెంట్లు, ఇంకెక్కడా నకలు లేదు. బ్యాకప్ ప్రోగ్రాము తెరిచి చూస్తే స్పూల్ డేటా అడగనే లేదు.

"అన్నా, శనివారం వద్దు. ముందు ఇది సరిచేసి వచ్చే వారం వేద్దాం" అన్నాడు.

ఇల్లు అలకగానే పండగ కాదని వాడికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. నాకు 2003లో పట్టిన జ్ఞానం వాడికి నాలుగు రోజుల్లో పట్టింది, అదీ ఎవరి ట్రక్కూ ఆపకుండా. ఒకటి మాత్రం చెప్పాను. "ఒకవేళ ఏదైనా పోతే, పోయిన నిమిషంలో ఫోను చెయ్. నువ్వు పోగొట్టావని చెప్పి మరీ చెయ్."

మీ ఆఫీసులో ఉన్నది ఏఎస్/400 కాకపోవచ్చు. అయినా రేపొకసారి అడిగి చూడండి, నెలాఖరు రిపోర్టు ప్రింటరు మీదకి రాకముందు ఎక్కడుంటుందని. జవాబు చెప్పేవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఒక్కరే అయితే, ఆ ఒక్కరూ రిటైరయ్యేలోపు ఒక్క పేజీ రాయించుకోండి.